విడాకుల తరువాత పిల్లలతో రాష్ట్రం దాటడం

సభకు నమస్కారం. శనివారం ఉదయం పిల్లల తరగతులు, ఇంటి పనులు పక్కనబెట్టి ఇంతమంది వచ్చినందుకు కృతజ్ఞతలు. నేను అమెరికాలో విడిపోయిన, విడిపోతున్న తెలుగు దంపతుల మధ్య మీడియేటర్‌గా కూర్చుంటాను. నేను న్యాయమూర్తిని కాదు, ఏ ఒక్కరి తరఫు లాయరునూ కాదు. బల్లకు అటు కూర్చున్నవారి మాటా, ఇటు కూర్చున్నవారి మాటా సమానంగా వినడం నా పని. అందుచేత ఈ రోజు నేను చెప్పేది వెళ్ళదలచినవారికి కొంతా, వెనక మిగిలిపోయేవారికి కొంతా చేదుగా తగలవచ్చు.

విషయంలోకి నేరుగా వస్తాను. విడాకుల డిక్రీ చేతికి వచ్చిన కొన్నాళ్ళకు చాలామంది నా దగ్గర అనే మాట ఒకటే: "కస్టడీ నాకే వచ్చిందండీ, ఇక నేను ఎక్కడుంటే ఎవరికేమిటి?" ఈ మాటలో సగం నిజముంది. పెద్దవారైన మీరు ఏ రాష్ట్రానికైనా వెళ్ళవచ్చు, మిమ్మల్ని ఏ కోర్టూ ఆపదు. కోర్టు ఆదేశం కింద ఉన్నది బిడ్డ నివాసం. మీరు వెళ్ళడం, బిడ్డను తీసుకుని వెళ్ళడం చట్టం దృష్టిలో రెండు వేర్వేరు పనులు. మన ఇళ్ళలో అది ఒకే పనిగా కనిపిస్తుంది కాబట్టి చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

టెక్సస్‌ను తీసుకోండి. అక్కడ తల్లిదండ్రులిద్దరినీ సాధారణంగా జాయింట్ మేనేజింగ్ కన్సర్వేటర్లుగా, అంటే బిడ్డ బాధ్యతలు పంచుకునే ఉమ్మడి సంరక్షకులుగా నియమించి, బిడ్డ ప్రధాన నివాసాన్ని నిర్ణయించే హక్కును ఒకరికి ఇస్తారు. ఆ హక్కు పొందినవారు అదే పూర్తి స్వేచ్ఛ అనుకుంటారు. డిక్రీని మరికొంచెం కిందికి చదివితే ఆ నివాసం ఫలానా కౌంటీలోనూ (మన జిల్లా లాంటిది) దానికి ఆనుకుని ఉన్న కౌంటీల్లోనూ ఉండాలన్న షరతు చాలా సందర్భాల్లో కనిపిస్తుంది. ఆ షరతుకు ఒప్పుకుని సంతకం పెట్టినవారిలో చాలామంది ఆ రోజు ఇల్లు, కారు, బ్యాంకు ఖాతా పంపకాల మీదే దృష్టి పెట్టి, ఆ పేరాను గబగబా దాటేసి ఉంటారు. నన్ను అడిగితే డిక్రీ మొత్తంలో రెండుసార్లు చదవవలసిన పేరా అదే.

రాష్ట్రాల మధ్య తేడాలు కూడా చిన్నవి కావు. ఫ్లోరిడాలో బిడ్డ ప్రధాన నివాసాన్ని 50 మైళ్ళకు మించిన దూరానికి, కనీసం 60 రోజుల పాటు మార్చాలంటే రెండోవారి, అంటే వెనక మిగిలే తల్లి లేదా తండ్రి, రాతపూర్వక అంగీకారం ఉండాలి, లేకపోతే కోర్టులో పిటిషన్ వేయాలి. ఇల్లినాయ్‌లో షికాగో ఉన్న కుక్ కౌంటీ, దాని చుట్టూ ఉన్న కౌంటీల నుంచి 25 మైళ్ళు, మిగిలిన కౌంటీల నుంచి 50 మైళ్ళు హద్దు. రాష్ట్రం దాటితే ఎక్కడినుంచైనా 25 మైళ్ళే. మిషిగన్ చట్టం 100 మైళ్ళ లెక్క పెట్టింది. పెన్సిల్వేనియాలో మైళ్ళ లెక్క లేదు. రెండోవారి కస్టడీ హక్కుల వినియోగాన్ని గణనీయంగా దెబ్బతీసే మార్పు ఏదైనా మకాం మార్పే. అక్కడ 60 రోజుల ముందు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపాలి, అందుకున్నవారు 30 రోజుల్లో అభ్యంతరం తెలపాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోనూ 60 రోజుల నోటీసు, 30 రోజుల అభ్యంతర గడువు ఉన్నాయి. అయితే అక్కడ బిడ్డ ఎక్కువ కాలం ఎవరి దగ్గర ఉంటుందో వారి మకాం మార్పును అనుమతించాలన్న భావనతో కోర్టు మొదలవుతుంది. ఇద్దరికీ దాదాపు సమానంగా కాలం పంచినచోట ఆ మొగ్గు వర్తించదు. కాబట్టి వాషింగ్టన్ రాష్ట్రపు సియాటిల్‌లో ఉన్న స్నేహితురాలి అనుభవాన్ని విని ఫ్లోరిడాలోని ఒర్లాండోలో ఉన్నవారు ఇల్లు ఖాళీ చేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఈ 60 అనే అంకె దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్ళకు ఇది మరో రకంగానూ పరిచయం. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారి ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ లోపు కొత్త యజమాని పిటిషన్ దాఖలు చేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం విడవాలి. నలభయ్యో రోజున మరో రాష్ట్రం నుంచి ఆఫర్ వచ్చిందనుకోండి. వీసా మిమ్మల్ని ఇరవై రోజుల్లో కదలమంటుంది, కస్టడీ చట్టం అరవై రోజుల ముందు నోటీసు ఇమ్మంటుంది. రెండు గడియారాలు ఒకే ఇంట్లో వేర్వేరు వేళలు చూపిస్తున్నట్టు ఉంటుంది. చట్టాలు ఈ ఇబ్బందిని కొంత గుర్తించాయి. పెన్సిల్వేనియాలో ముందుగా తెలిసే అవకాశం లేనప్పుడు, విషయం తెలిసిన 10 రోజుల్లోపు నోటీసు ఇస్తే చాలు. ఇల్లినాయ్ చట్టం కూడా 60 రోజుల నోటీసు ఆచరణలో సాధ్యం కానిచోట మినహాయింపు ఇస్తుంది. అయినా నోటీసు ఇవ్వడం వేరు, అనుమతి రావడం వేరు. మధ్యలో అభ్యంతరం వస్తే ఉద్యోగానికి మీరు వెళ్ళి చేరడం, తీర్పు వచ్చేవరకు బిడ్డ పాత ఊళ్ళోనే రెండోవారి దగ్గర ఉండడం ఎదురుకావచ్చు. ఆ ఏర్పాటు తాత్కాలికమేనని అందరూ అంటారు. తీర్పు రోజున మాత్రం అదే ఏర్పాటు బిడ్డకు అలవాటైన జీవితంగా కోర్టు ముందు నిలబడుతుంది.

అసలు ఏ రాష్ట్రపు కోర్టు తీర్పు చెప్పాలన్నది రెండో ప్రశ్న. ఒక తల్లో తండ్రో ఇక్కడ ఓడిపోయి, బిడ్డను మరో రాష్ట్రానికి తీసుకుపోయి అక్కడ కొత్త ఆదేశం తెచ్చుకోవడం ఒకప్పుడు ఈ దేశంలో తరచుగా జరిగేది. దానికి అడ్డుకట్టగా 1980లో ఫెడరల్ చట్టం ఒకటి వచ్చింది. ఒక రాష్ట్రం ఇచ్చిన కస్టడీ ఆదేశాన్ని మిగిలిన రాష్ట్రాలు గౌరవించాలని అది చెప్పింది. ఆ తరువాత 1997లో కస్టడీ అధికార పరిధిపై రాష్ట్రాలన్నింటికీ నమూనాగా ఒక ఉమ్మడి చట్టాన్ని రూపొందించారు. దాదాపు అన్ని రాష్ట్రాలూ దానిని స్వీకరించాయి. దాని సారం రెండు మాటల్లో చెప్పవచ్చు. ఇంకా ఏ ఆదేశమూ లేనప్పుడు, కేసు వేసేనాటికి బిడ్డ వరసగా ఆరు నెలలు ఎక్కడ నివసించిందో ఆ రాష్ట్రమే బిడ్డకు స్వరాష్ట్రం. ఒకసారి ఆదేశం ఇచ్చాక, తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురిలో ఒక్కరు ఆ రాష్ట్రంలో మిగిలి ఉన్నా, ఆ ఆదేశాన్ని మార్చే అధికారం మామూలుగా ఆ కోర్టుదే.

"అక్కడికి వెళ్ళి ఆరు నెలలు ఉంటే కేసు అక్కడికే మారిపోతుందట" అన్న సలహా మన విందుల్లో, వాట్సాప్ గుంపుల్లో తిరుగుతూ ఉంటుంది. డిక్రీ ఉన్నవారి విషయంలో అది పూర్తిగా తప్పు. న్యూజెర్సీలో డిక్రీ వచ్చి, తండ్రి అక్కడే ఉంటే, తల్లీబిడ్డలు నార్త్ కరోలినాలో నాలుగేళ్ళు ఉన్నా ఆ ఆదేశాన్ని మార్చవలసింది న్యూజెర్సీ కోర్టే. ఆ కోర్టు తానే ఇక తనకు సంబంధం తగ్గిపోయిందనో, రెండో రాష్ట్రంలో విచారణ సౌకర్యంగా ఉంటుందనో భావించి వదులుకుంటే తప్ప కేసు కదలదు. డిక్రీ లేనివారి విషయంలో కూడా ఆ సలహా సగమే నిజం. ఒకరు బిడ్డతో వెళ్ళిపోయినా, వెనక ఉన్నవారు ఆ ఆరు నెలల లోపల పాత రాష్ట్రంలో కేసు వేస్తే అధికారం అక్కడే నిలుస్తుంది. వెనక మిగిలినవారు తిరిగి వస్తారేమోనని ఎదురుచూస్తూ ఏడో నెల వరకు ఆగిపోవడం నేను చూశాను. ఆ ఎదురుచూపు మంచితనమే, కానీ దాని వల్ల పోయేది చాలా ఉంటుంది.

ఇక కోర్టు దేనిని తూచి చూస్తుంది? బిడ్డ శ్రేయస్సును, అని అందరికీ తెలుసు. ఆ మాటకు అర్థం మాత్రం కాలంతో పాటు మారుతూ వచ్చింది. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2001లో, ప్రధానంగా పెంచుతున్నవారు మంచి ఉద్దేశంతో వెళ్తున్నారని, అది బిడ్డకు హాని కాదని చూపితే చాలన్న ధోరణిలో తీర్పు చెప్పింది. 2017లో అదే కోర్టు, యూటా రాష్ట్రానికి వెళ్ళదలచిన ఒక తల్లి కేసులో ఆ ప్రమాణాన్ని పక్కనబెట్టింది. హాని లేకపోవడం చాలదని, బిడ్డకు మేలు జరుగుతుందో లేదో అన్ని కోణాల నుంచీ చూడాలని చెప్పింది. కాలిఫోర్నియాలో 1996 నాటి తీర్పు, కస్టడీ ఉన్నవారు తమ ప్రయాణం తప్పనిసరి అని నిరూపించనక్కరలేదని అంది. 2004లో అక్కడి సుప్రీంకోర్టే, ఇద్దరు కొడుకులతో ఒహాయోకు వెళ్ళదలచిన తల్లి కేసులో, తండ్రితో పిల్లల బంధం దెబ్బతినే అవకాశాన్ని కింది కోర్టు లెక్కలోకి తీసుకోవడం సరైనదేనని, ఆమె వెళ్ళే పక్షంలో కస్టడీని తండ్రికి మార్చడాన్ని కూడా సమర్థించింది. న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 1996లోనే, అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప వెళ్ళకూడదన్న పాత కఠిన సూత్రాన్ని వదిలి, ఏ కేసుకు ఆ కేసుగా చూడమంది. అంటే ఒక దిక్కు నుంచి బయలుదేరినవారూ మరో దిక్కు నుంచి బయలుదేరినవారూ దాదాపు ఒకే చోటికి చేరుకున్నారు.

నేను బల్ల దగ్గర చూసినదాన్ని బట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. వెళ్ళదలచినవారు తాము ఎందుకు వెళ్తున్నారో నిరూపించడానికి ఎంత శ్రమ పడతారో, అందులో పదో వంతు కూడా వెనక మిగిలేవారికి, బిడ్డకు మధ్య బంధం ఎలా నిలుస్తుందో ఆలోచించడానికి పడరు. ఆఫర్ లెటర్, జీతం తేడా, కొత్త స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్, అక్కగారు అదే వీధిలో ఉంటారన్న వివరం, అన్నీ ఫైలులో ఉంటాయి. తండ్రి ఎప్పుడు చూస్తాడని అడిగితే, "ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చండీ, నేనేమీ కాదనను" అంటారు. ఆ జవాబు ఉదారంగా వినిపిస్తుంది గానీ అందులో ఒక తేదీ లేదు, ఒక టికెట్ లేదు. ఎప్పుడైనా రావచ్చు అన్న చోటికి ఎవరూ రాలేరు.

కారణాలు చిన్నవని నేననడం లేదు. మన కుటుంబాల్లో ఒంటరిగా మిగిలిన తల్లికి, తండ్రికి ఆసరా నిజంగా ఇక్కడ ఉండదు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి కొన్ని నెలలకు వెళ్ళిపోతారు. ఏడాది పొడవునా తోడుండేది మరో రాష్ట్రంలో స్థిరపడిన అన్నో, అక్కో మాత్రమే. రాత్రి బిడ్డకు జ్వరం వస్తే తలుపు తట్టడానికి ఒక ఇల్లు ఉండడం చాలా పెద్ద విషయం. దానిని కోర్టులు కూడా గుర్తిస్తాయి. కానీ ఆ మేనమామ ఇంటి దగ్గరితనాన్ని మీరు కన్నతండ్రి దగ్గరితనానికి బదులుగా చూపిస్తే మాత్రం వాదన బెడిసికొడుతుంది.

కాబట్టి ప్రణాళిక గురించి వివరంగా చెప్పనివ్వండి. వారాంతం తప్పించి వారాంతం కలిసే ఏర్పాటు వెయ్యి మైళ్ళ దూరంలో నిలవదు. రోజుల సంఖ్య తగ్గుతుంది కాబట్టి ఒక్కో కలయిక పొడవు పెరగాలి. టెక్సస్ చట్టం దీన్ని స్వయంగా లెక్కగట్టి పెట్టింది. తల్లిదండ్రుల మధ్య దూరం 100 మైళ్ళు దాటితే వేసవిలో రెండోవారికి ఇచ్చే 30 రోజులు 42 అవుతాయి, స్ప్రింగ్ బ్రేక్ (వసంతకాలపు స్కూలు సెలవులు) ఏడాది విడిచి ఏడాది కాకుండా ప్రతి ఏడాదీ వారిదే అవుతుంది. ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారు కూడా దీన్ని ఒక నమూనాగా చూసుకోవచ్చు. మనవాళ్ళు మరచిపోయేది ఒకటుంది: సంక్రాంతి, ఉగాది, దసరా ఇక్కడి స్కూలు సెలవుల్లో రావు. ఆ పండుగల్ని కాగితం మీద రాసుకోకపోతే అవి ఎప్పుడూ బిడ్డ ఎవరి దగ్గర ఉంటే వారికే మిగిలిపోతాయి.

తరువాత ప్రయాణం. చాలా విమాన సంస్థలు అయిదేళ్ళ లోపు పిల్లల్ని ఒంటరిగా ఎక్కించుకోవు. ఆ పైన కూడా కొన్నేళ్ళ వరకు ప్రత్యేక రుసుము కట్టి, సిబ్బందికి అప్పగించి పంపాలి, దిగేచోట పేరు రాసి ఇచ్చిన పెద్దవారే వచ్చి తీసుకోవాలి. అంటే నాలుగేళ్ళ బిడ్డకు ప్రతి రాకపోకలోనూ ఒక పెద్ద మనిషి టికెట్ కూడా కొనవలసిందే. ఆ ఖర్చు ఎవరిది, ఎంత ముందుగా కొనాలి, విమానం రద్దయితే పోయిన రోజును ఎలా భర్తీ చేయాలి, బిడ్డను ఎక్కడ అప్పగించాలి, వీటన్నింటికీ ఒక్కొక్క వాక్యం ఉండాలి. దూరాన్ని సృష్టించినవారే ఖర్చులో ఎక్కువ భాగం భరించడం నాకు న్యాయంగా తోస్తుంది. ఆ మాట వెళ్ళేవారి నోటి నుంచే ముందు వస్తే బల్ల దగ్గర గాలి మారిపోవడం ఎన్నోసార్లు చూశాను. ప్రయాణ ఖర్చును బట్టి చైల్డ్ సపోర్ట్, అంటే బిడ్డ పోషణకు చెల్లించే మొత్తంలో సర్దుబాటు చేయమని కూడా చాలా రాష్ట్రాల్లో అడగవచ్చు.

వీడియో కాల్ గురించి కూడా చెప్పాలి. ప్రతి రాత్రీ ఏడు గంటలకు అరగంట అని రాసుకుంటారు, సమయం ఏ టైమ్ జోన్‌దో రాసుకోరు. అదీగాక ఆరేళ్ళ బిడ్డ అరగంట సేపు తెర ముందు కూర్చుని "ఏం తిన్నావు, స్కూల్లో ఏం చేశారు" అన్న ప్రశ్నలకు జవాబులు చెప్పదు. ఒక తండ్రి నాకు చెప్పిన పద్ధతి నచ్చింది: ఒకే కథల పుస్తకం రెండు ఇళ్ళలోనూ ఉంచుకుని, రోజూ ఫోన్‌లో నాలుగు పేజీలు చదివేవాడు. కాల్ పది నిమిషాలే, కానీ బిడ్డే గుర్తుపెట్టుకుని ఫోన్ అడిగేది.

బిడ్డ ఇష్టానికి ఎంత విలువ ఉంటుందని తరచుగా అడుగుతారు. టెక్సస్‌లో ఒకరు కోరితే 12 ఏళ్ళు నిండిన బిడ్డతో జడ్జి తన గదిలో మాట్లాడతారు. జార్జియాలో 14 ఏళ్ళ బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో ఎంచుకోవచ్చు, అది బిడ్డ శ్రేయస్సుకు తగదని జడ్జి భావిస్తే తప్ప ఆ ఎంపిక నిలుస్తుంది. చాలాచోట్ల మాత్రం అది తూకంలో ఒక రాయి మాత్రమే. పిల్లలతో ఈ మాట మాట్లాడవద్దని నేననను. "నీకు అమ్మతో రావాలని ఉందా, నాన్న దగ్గర ఉండాలని ఉందా" అని అడగడం మాత్రం మాట్లాడడం కాదు, బిడ్డ భుజాల మీద తీర్పు భారం పెట్టడం.

హింస నుంచి బయటపడుతున్నవారికి నేనిప్పటివరకు చెప్పినదంతా అదే వరసలో వర్తించదు. బిడ్డకు గాని, బిడ్డను పెంచుతున్న తల్లికో తండ్రికో గాని ప్రమాదం ఉన్నప్పుడు, వారు చేరుకున్న రాష్ట్రంలోని కోర్టుకు తాత్కాలికంగా రక్షణ ఆదేశం ఇచ్చే అత్యవసర అధికారాన్ని ఆ ఉమ్మడి చట్టమే ఇస్తుంది. కొత్త చిరునామాను నోటీసులో బయటపెట్టకుండా ఉండేందుకు కూడా చాలా రాష్ట్రాల్లో ఏర్పాట్లున్నాయి. అలాంటి స్థితిలో ఉన్నవారు మీడియేటర్‌ను కాదు, ముందుగా లాయరునూ గృహహింస సహాయ కేంద్రాన్నీ కలవాలి.

కొన్ని చిన్న విషయాలు త్వరగా చెప్పి ముగిస్తాను. హెచ్-4 (హెచ్-1బి ఉన్నవారి కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్న జీవిత భాగస్వామికి విడాకులతో ఆ స్టేటస్ పోతుంది, పిల్లలకు మాత్రం హెచ్-1బి ఉన్న తల్లి లేదా తండ్రి ద్వారా కొనసాగుతుంది. కాబట్టి ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్న ఆలోచనలో ఇమ్మిగ్రేషన్ లాయరు కూడా ఉండాలి. 16 ఏళ్ళ లోపు బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీసుకోవాలంటే మామూలుగా తల్లిదండ్రులిద్దరి అంగీకారం కావాలి. బిడ్డ స్కూలు రికార్డులు చూసే హక్కు, కోర్టు ఆదేశం తీసివేస్తే తప్ప, దూరాన ఉన్న తల్లికీ తండ్రికీ కూడా ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు ఐఈపీ (స్కూలు రాసిచ్చే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) ఉంటే, కొత్త రాష్ట్రపు స్కూలు తన సొంత నిర్ణయాలు పూర్తిచేసేవరకు దానికి దీటైన సేవలు అందించాలి. పాత డిక్రీని కొత్త రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకోవడం అటు వెళ్ళినవారికీ ఇటు మిగిలినవారికీ మంచిది. నోటీసు అందిన 20 రోజుల్లో ఎవరూ సవాలు చేయకపోతే అది అక్కడి ఆదేశంలాగే అమలవుతుంది. చైల్డ్ సపోర్ట్ విషయంలో అధికార పరిధికి వేరే ఉమ్మడి చట్టం ఉంది. కస్టడీ కేసు ఒక రాష్ట్రంలో, సపోర్ట్ కేసు మరో రాష్ట్రంలో నడిచే అవకాశం లేకపోలేదు.

వెనక మిగిలేవారితో ఒక మాట. అభ్యంతరం తెలిపే హక్కు మీకుంది, గడువు దాటనివ్వకండి. అయితే అభ్యంతరం రాసే ముందు గత ఏడాదిలో మీకు కేటాయించిన రోజుల్లో ఎన్నింటిని నిజంగా బిడ్డతో గడిపారో క్యాలెండర్ తీసి లెక్కపెట్టుకోండి. జడ్జి ఎలాగూ ఆ లెక్క అడుగుతారు. టీచర్ పేరు, దంత వైద్యుడి దగ్గరికి చివరగా ఎవరు తీసుకువెళ్ళారన్నది, బిడ్డ చెప్పుల సైజు, ఇవన్నీ ఆ గదిలోకి వస్తాయి. మీరు కూడా అదే రాష్ట్రానికి మారగలరా అని కూడా అడుగుతారు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగాలున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేరు. ఇద్దరూ కొద్ది నెలల తేడాతో ఒకే కొత్త ఊరికి మారి, రెండు అపార్ట్‌మెంట్లు తీసుకున్న జంట ఒకటి నాకు తెలుసు. వాళ్ళు ఇప్పటికీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, పిల్లాడు మాత్రం సైకిల్ మీద రెండు ఇళ్ళకూ వెళ్ళివస్తాడు.

ఇప్పుడు పదిహేను నిమిషాలు ప్రశ్నలకు ఉంచాను. సొంత కేసు గురించి అడగదలచినవారు అందరి ముందూ వివరాలు చెప్పకండి, అవతలివారికి తెలిసినవాళ్ళు కూడా ఈ హాల్లో ఉండవచ్చు. భోజనాల వేళ నేను వెనక బల్ల దగ్గర ఉంటాను. డిక్రీ కాపీ ఫోన్‌లో ఉంటే, నివాసం గురించిన పేరా తెరిచి పట్టుకుని రండి.